8 జీబీ లాప్‌టాప్‌లో ర్యామ్ పెంచితే గేమ్‌లు బాగుపడతాయా?

మీరు అడిగినది క్లుప్తంగా ఇది. రైజెన్ 5 5500యూ ప్రాసెసర్, 4 జీబీ జీటీఎక్స్ 1650 గ్రాఫిక్స్ కార్డు, ఒకే స్టిక్‌గా 8 జీబీ డీడీఆర్4 ర్యామ్ ఉన్న మీ లాప్‌టాప్‌లో వాలరాంట్ ఫర్వాలేదు గానీ, జీటీఏ 5లో కారు వేగంగా నడిపినప్పుడూ, సైబర్‌పంక్ 2077లో వీధి మలుపు తిరిగినప్పుడూ బొమ్మ ఒక్క క్షణం బిగుసుకుపోతోంది. 32 జీబీ వేయించుకుంటే ఎఫ్‌పీఎస్ (సెకనుకు తెర మీదికి వచ్చే బొమ్మల, అంటే ఫ్రేముల సంఖ్య) రెట్టింపవుతుందని దుకాణంలో చెప్పారు. ఆ మాట నమ్మవచ్చా అని మీ సందేహం.

మీ యంత్రంలో ర్యామ్ పెంచడం వల్ల తప్పకుండా మేలుంది, కానీ ఆ మేలు 32 అనే అంకెలో లేదు. ఖాళీగా ఉన్న రెండో స్లాట్‌లో ఇంకొక 8 జీబీ స్టిక్ పెట్టించుకుంటే రాదగిన లాభంలో దాదాపు అంతా వచ్చేస్తుంది. ఎఫ్‌పీఎస్ మాత్రం రెట్టింపు కాదు. సగటు కొంత పెరుగుతుంది, మిమ్మల్ని విసిగిస్తున్న ఆ ఆగిఆగి నడవడం బాగా తగ్గుతుంది. దీనికి కారణాలు తెలిస్తే డబ్బు పెట్టే ముందు మీరే పరీక్షించి చూసుకోగలరు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

గేమ్ నడుస్తున్నప్పుడు బొమ్మ గీసేది గ్రాఫిక్స్ కార్డు. ఎవరు ఎటు కదిలారో, ఏది దేనికి తగిలిందో లెక్క కట్టేది ప్రాసెసర్. ర్యామ్ స్వయంగా ఏదీ గీయదు, ఏదీ లెక్కించదు. ఆ రెండింటికీ కావలసిన సరంజామాను చేతికి అందేంత దగ్గరలో ఉంచడమే దాని పని. పెళ్లిలో బంతి వడ్డన చూసినవారికి ఇది సులువుగా అర్థమవుతుంది. బంతి పక్కనే ఉన్న గంగాళాల్లో అన్నం, పప్పు నిండుగా ఉన్నంతసేపు విస్తరి ముందు ఎవరూ ఎదురుచూడరు. అవి అడుగంటి, వడ్డించేవాడు వంటపాకకు పరుగెత్తవలసి వస్తే బంతి అంతా చేతులు ఆపుకొని కూర్చోవలసిందే. అయితే ఉన్న గంగాళాలే నిండుగా ఉన్నప్పుడు పక్కన మరో పది తెచ్చిపెట్టినా తినేవాళ్లు త్వరత్వరగా తినరు. ర్యామ్ పరిమాణం విషయంలో జరిగేది సరిగ్గా ఇదే: చాలనప్పుడు పెంచితే తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది, చాలినప్పుడు పెంచితే ఏమీ కనబడదు.

చాలనప్పుడు లోపల జరిగేదేమిటంటే, విండోస్ కొంత సమాచారాన్ని ర్యామ్‌లోంచి తీసి డిస్క్ మీద ఉన్న పేజ్ ఫైల్‌లోకి నెట్టి, మళ్లీ అవసరమైనప్పుడు అక్కడి నుంచి వెనక్కి తెచ్చుకుంటుంది. సెకనుకు 60 ఫ్రేములు రావాలంటే ఒక్కొక్క ఫ్రేముకు దొరికే వ్యవధి 16.7 మిల్లీసెకన్లు మాత్రమే. ర్యామ్‌లో ఉన్న తునకను అందుకోవడానికి ప్రాసెసర్‌కు సుమారు 100 నానోసెకన్లు పడుతుంది. అదే తునక పాతకాలపు 5400 ఆర్‌పీఎం హార్డ్ డిస్క్ మీద ఉంటే ఒక్కసారి వెతికి తేవడానికే 10 మిల్లీసెకన్లకు పైగా పోతుంది, అంటే ఒక ఫ్రేముకున్న వ్యవధిలో సగానికి మించి ఒక్క తునకకే ఖర్చవుతుంది. ఎస్‌ఎస్‌డీ దీనికన్నా ఎన్నో రెట్లు నయమే అయినా ర్యామ్‌కు అది కూడా ఏ మాత్రం సాటి రాదు. మలుపు తిరగగానే కొత్త వీధి, కొత్త భవనాలు, కొత్త మనుషులు ఒకేసారి కావలసి వస్తారు; బొమ్మ బిగుసుకుపోయేది అందుకే సరిగ్గా ఆ క్షణంలో. సగటు ఎఫ్‌పీఎస్ అంకె చూస్తే ఇది బయటపడదు. నిమిషంలో 58 సెకన్లు హాయిగా నడిచి రెండు సెకన్లు ఆగినా సగటు బాగానే కనబడుతుంది గనుక, అన్నిటికన్నా నెమ్మదైన ఒక శాతం ఫ్రేములను విడిగా చూపే ‘1 పర్సెంట్ లో’ అనే అంకెను గమనించాలి. ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్, దానితో పాటు వచ్చే రివాట్యూనర్ ఉచితంగా దొరుకుతాయి. తెర మూలన ఈ అంకెలన్నీ చూపిస్తాయి.

మీకు కొరత నిజంగా ఉందో లేదో తెలుసుకోవడానికి ఒక సాయంత్రం చాలు. గేమ్‌ను అరగంట ఆడి, ఆ బిగుసుకుపోయే చోటికి వచ్చాక, కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరవండి. పర్ఫార్మెన్స్ విభాగంలో మెమరీ మీద నొక్కితే కొన్ని అంకెలు కనిపిస్తాయి. మీ 8 జీబీలో ఏడున్నర మాత్రమే వాడకానికి ఉన్నట్టు కనబడితే కంగారు పడకండి. ప్రాసెసర్‌లోనే ఉన్న రేడియాన్ గ్రాఫిక్స్ తన కోసం సుమారు అర జీబీని ముందే పక్కకు తీసుకుంటుంది, దాన్నే అక్కడ ‘హార్డ్‌వేర్ రిజర్వ్‌డ్’ అంటారు. ‘ఇన్ యూజ్’ అంకె 6.8, 7 జీబీ దగ్గర అతుక్కుపోయి, ‘కమిటెడ్’ అంకె (ప్రోగ్రాములన్నీ కలిపి కోరిన మెమరీ) మీ అసలు ర్యామ్‌ను దాటి 11, 12 జీబీలకు పోయి ఉంటే కొరత ఉన్నట్టే. వాడకం 70 శాతం దగ్గర కనబడినంత మాత్రాన అది కొరత కాదు. విండోస్ ఉన్న ర్యామ్‌ను బట్టి తన వాడకాన్ని సర్దుకుంటుంది, 16 జీబీ ఉన్న యంత్రంలో అదే గేమ్ ఇంకా ఎక్కువ వాడుతున్నట్టు కనబడటం సహజం. రిసోర్స్ మానిటర్‌లోని మెమరీ పేజీలో ‘హార్డ్ ఫాల్ట్స్’ అనే గీత ఉంటుంది. బొమ్మ ఆగిన ప్రతిసారీ ఆ గీత పైకి ఎగిరితే ఇక అనుమానం అక్కరలేదు.

మీరు చెప్పిన గేమ్‌లనే తీసుకుందాం. జీటీఏ 5 కంప్యూటర్ కూర్పు 2015లో వచ్చినప్పుడు కనీసం 4 జీబీ, మంచి అనుభవానికి 8 జీబీ ర్యామ్ అని ప్రకటించారు. అది ఒంటరిగా నడిచే యంత్రం లెక్క. పక్కన క్రోమ్‌లో పది ట్యాబ్‌లు, డిస్కార్డ్, యాంటీవైరస్ తెరిచి ఉంచితే 8 జీబీ ఇట్టే నిండిపోతుంది. సైబర్‌పంక్ 2077కు 2023లో పెంచిన కనీస అవసరం 12 జీబీ. ఎల్డెన్ రింగ్‌కు కనీసం 12, హాగ్వార్ట్స్ లెగసీకి, స్టార్‌ఫీల్డ్‌కు కనీసమే 16. వాలరాంట్ మాత్రం 4 జీబీతోనే నడిచేలా తయారైంది, కాబట్టి అది మీకు ఇబ్బంది పెట్టకపోవడంలో వింత లేదు. ఈ వరుస చూస్తే నేటి గేమ్‌లకు 16 జీబీ అనేది ఎందుకు సరైన మజిలీయో తెలుస్తుంది. 32 జీబీ నిజంగా కావలసిన గేమ్‌లు లేకపోలేదు. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ 2024కు సిఫారసు చేసిన ర్యామే 32 జీబీ. వందలకొద్దీ మాడ్‌లు (ఆటగాళ్లు తయారుచేసిన చేర్పులు) వేసిన సిటీస్ స్కైలైన్స్ కూడా ఎంత ఉంటే అంత తింటుంది. ఫోన్ గేమ్‌లను ఎమ్యులేటర్‌లో రెండు మూడు కిటికీలుగా తెరిచి ఆడేవారికి కూడా ఎక్కువ అవసరం, ఎందుకంటే ప్రతి కిటికీ ఒక పూర్తి ఆండ్రాయిడ్ యంత్రంలా తన వాటా ర్యామ్‌ను విడిగా పట్టుకుంటుంది. మీరు ఆడేవాటిలో ఇవి లేవు.

ఇక అసలు విషయానికి వస్తాను. చాలామంది పట్టించుకోనిది, దుకాణాల్లో అరుదుగా చెప్పేది ఇదే: ర్యామ్ ఎంత ఉందన్న దానితో సమానంగా, అది ఎన్ని దారుల్లో ప్రాసెసర్‌కు చేరుతోందన్నదీ ముఖ్యం. మీ ప్రాసెసర్‌కు మెమరీతో మాట్లాడటానికి రెండు ఛానెళ్లు ఉన్నాయి. ఒకే స్టిక్ ఉన్నందువల్ల ఇప్పుడు ఒక ఛానెల్ పూర్తిగా ఖాళీగా పడి ఉంది. డీడీఆర్4 3200 స్టిక్ ఒక ఛానెల్‌లో సెకనుకు గరిష్ఠంగా 25.6 జీబీ అందించగలదు. రెండు స్టిక్‌లైతే 51.2 జీబీ. బంతి మాటలోనే చెప్పాలంటే, గంగాళాలు ఎన్ని ఉన్నా వడ్డించేవాడు ఒక్కడే అయితే బంతి చివర కూర్చున్నవాళ్లకు ఆలస్యం తప్పదు. ఇప్పుడు మీరు పెట్టేది రెండో వడ్డనవాడిని.

నా మొదటి రోజుల్లో ఈ విషయంలో నేను చేసిన పొరపాటు ఒకటి చెప్పాలి. ఒక కుర్రాడు తెచ్చిన, విడి గ్రాఫిక్స్ కార్డు లేని లాప్‌టాప్‌లో 8 జీబీ స్టిక్ తీసేసి దాని స్థానంలో 16 జీబీ స్టిక్ ఒక్కటే పెట్టి ఇచ్చాను, తరువాత ఎప్పుడైనా ఇంకొకటి చేర్చుకోవచ్చు కదా అన్న ఆలోచనతో. ర్యామ్ రెట్టింపైనా ఆ కుర్రాడి గేమ్‌లో ఫ్రేముల సంఖ్య పెరగలేదు. తీసేసిన 8 జీబీకి తోడు మరో 8 జీబీ పెట్టి చూసేసరికి అదే మొత్తం 16 జీబీతో గేమ్ పూర్తిగా వేరుగా నడిచింది. ఆ రోజు నుంచి పరిమాణం కన్నా ముందు స్లాట్‌ల సంగతి అడగడం అలవాటు చేసుకున్నాను.

విడి గ్రాఫిక్స్ కార్డు లేని యంత్రాల్లో ఈ తేడా అంత పెద్దగా ఉండటానికి కారణం సూటిగానే ఉంది. జీటీఎక్స్ 1650కి సెకనుకు 128 జీబీ, కొత్త మెమరీ వేసిన కూర్పులలో 192 జీబీ అందించే సొంత మెమరీ ఉంటుంది. ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌కు అలాంటిదేమీ లేదు. అది ర్యామ్‌నే తన మెమరీగా వాడుకుంటూ, అదే 25.6 జీబీ దారిని ప్రాసెసర్‌తో పంచుకోవాలి. అందుకే రేడియాన్ వేగా, ఇంటెల్ ఐరిస్ ఎక్స్‌ఈ వంటి వాటిలో రెండో స్టిక్ చేర్చగానే ఫ్రేములు నాలుగో వంతు నుంచి సగం దాకా పెరగడం మామూలే. ఇంటెల్ ఈ విషయాన్ని పేరులోనే పెట్టింది: రెండు ఛానెళ్లలో మెమరీ ఉంటేనే ఆ గ్రాఫిక్స్ ఐరిస్ ఎక్స్‌ఈగా కనబడుతుంది, ఒక ఛానెలే ఉంటే అదే చిప్ యూహెచ్‌డీ గ్రాఫిక్స్ అని చూపిస్తుంది. మీ స్నేహితుల్లో ఎవరికైనా అలాంటి లాప్‌టాప్ ఉంటే ర్యామ్ చేర్చడం కన్నా మంచి ఖర్చు ఇంకొకటి లేదని చెప్పండి.

మీకు విడి కార్డు ఉంది కాబట్టి లాభం అంతకన్నా తక్కువే, కానీ సున్నా కాదు. దీనికి రెండు కారణాలు చెప్పగలను. మొదటిది, 5500యూ లోపలి ఎల్3 క్యాష్, అంటే ప్రాసెసర్‌లోనే ఉండే చిన్నపాటి వేగమైన మెమరీ, 8 ఎంబీ మాత్రమే. డెస్క్‌టాప్ రైజెన్ 5 3600లో అది 32 ఎంబీ. క్యాష్ చిన్నదైనకొద్దీ ప్రాసెసర్ ర్యామ్ దగ్గరికి మాటిమాటికీ వెళ్లవలసి వస్తుంది, అక్కడ దారి ఇరుకైతే ఎదురుచూడవలసి వస్తుంది. వాలరాంట్ వంటి గేమ్‌లలో గ్రాఫిక్స్ తేలిక, లెక్కలు ఎక్కువ గనుక ఈ ఎదురుచూపు తగ్గితే ఫ్రేములు నేరుగా పెరుగుతాయి. రెండవది, మీ తరగతి లాప్‌టాప్‌లలో చాలావాటికి తెర నేరుగా ఎన్విడియా కార్డుకు కలిసి ఉండదు. కార్డు గీసిన ప్రతి ఫ్రేమూ ర్యామ్‌లోకి నకలై, అక్కడి నుంచి ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ ద్వారా తెరకు వెళుతుంది. అంటే గేమ్ లెక్కలు నడిచే ఆ ఒక్క ఛానెల్ మీదనే తయారైన బొమ్మలు కూడా ప్రయాణిస్తున్నాయి.

ర్యామ్ ఎంత పెంచినా మారనిది గ్రాఫిక్స్ కార్డులోని 4 జీబీ. టాస్క్ మేనేజర్‌లో ఎన్విడియా కార్డు కింద ‘షేర్డ్ జీపీయూ మెమరీ’ అని మీ ర్యామ్‌లో సగం కనబడుతుంది, 16 జీబీ చేశాక అది 8కి పెరుగుతుంది. దాన్ని చూసి కార్డు పెద్దదైందని కొందరు పొరబడతారు. అది అత్యవసరానికి వాడుకునే పక్కదారి మాత్రమే. కార్డు సొంత మెమరీ నిండిపోయి టెక్స్చర్లు, అంటే వస్తువుల మీద అతికే పైపూత బొమ్మలు, ర్యామ్‌లోకి జారితే, అవి మదర్‌బోర్డు మీది పీసీఐ ఎక్స్‌ప్రెస్ దారి గుండా రావాలి. మూడో తరంలో 16 లేన్ల దారి మొత్తం ఇచ్చినా సెకనుకు సుమారు 16 జీబీ. లాప్‌టాప్‌లలో చాలాచోట్ల అందులో సగమే ఉంటుంది. కార్డు సొంత మెమరీ ఇచ్చే 128 జీబీ పక్కన ఇది చాలా తక్కువ. సైబర్‌పంక్‌కు ప్రస్తుతం కనీసంగా చెప్పే కార్డు 6 జీబీ జీటీఎక్స్ 1060. కాబట్టి ఆ గేమ్‌లో ర్యామ్ పెంచాక కూడా టెక్స్చర్లను హై మీద పెడితే కుదుపు తిరిగి వస్తుంది, దాని నేరం ర్యామ్‌ది కాదు.

కుదుపు ఎప్పుడు వస్తోందన్నది కూడా చూసుకోండి. కొత్త చోటికి వెళ్లినప్పుడు ఒక్క క్షణం ఆగి మళ్లీ మామూలుగా నడిస్తే అది మెమరీ కొరత లక్షణం. మొదటి పావుగంట బాగా నడిచి, తరువాత ఫ్రేములు మెల్లగా పడిపోయి అక్కడే నిలిచిపోతే అది వేడి. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు తమను తాము కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటున్నాయన్నమాట. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో 44, 45 డిగ్రీల ఎండలో ఏసీ లేని గదిలో ఆడుతున్నవారికి ఏ ర్యామూ సాయపడలేదు. రెండేళ్లుగా విప్పని లాప్‌టాప్ అయితే ఫ్యాన్‌లో దుమ్ము తీయించి, థర్మల్ పేస్ట్ మార్పించి, వెనుక భాగాన్ని రెండంగుళాలు ఎత్తులో ఉంచండి. ఛార్జర్ తీసి బ్యాటరీ మీద ఆడితే విడి గ్రాఫిక్స్ కార్డుకు కావలసినంత కరెంటు అందదు, అప్పుడూ ఫ్రేములు పడిపోతాయి.

ఇక కొనడం. మీకు కావలసింది లాప్‌టాప్‌లకు వాడే పొట్టి రకం, అంటే ఎస్‌ఓ-డిమ్, 260 పిన్నులది, డీడీఆర్4, 3200, 1.2 వోల్టులు. డీడీఆర్5 స్టిక్‌లో పిన్నులు 262, గాడి వేరేచోట ఉంటుంది, అది మీ స్లాట్‌లో కూర్చోదు. వేగం తక్కువ ఉన్న స్టిక్ పెడితే పని చేస్తుంది గానీ రెండూ ఆ తక్కువ వేగానికే దిగిపోతాయి; 2666 చవకగా వస్తోందని తీసుకోకండి. రెండు స్టిక్‌లూ ఒకే కంపెనీవి కానక్కరలేదు, సామర్థ్యం, వేగం సమానంగా ఉంటే దాదాపు ఎప్పుడూ కలిసిపోతాయి. ఇంకా శ్రద్ధ ఉన్నవారికి ఒక మాట: నాలుగు చిప్‌లే ఉన్న 8 జీబీ స్టిక్ కన్నా ఎనిమిది చిప్‌లు ఉన్నది గేమ్‌లలో కొద్దిగా మెరుగు, ఎందుకంటే దానిలోని బ్యాంక్ గ్రూపులు (చిప్ లోపలి మెమరీ విభాగాలు) రెట్టింపు ఉండి పనులు ఒకదాని వెనుక ఒకటి ఆగవు. అది దొరక్కపోతే దాని కోసం వెతుకుతూ కూర్చోనక్కరలేదు.

2025 చివరి నుంచి మెమరీ ధరలు బాగా పెరిగాయి. ఏఐ డేటా సెంటర్ల కోసం చిప్‌లు అటు మళ్లడంతో మామూలు ర్యామ్ కరవైంది. ఈ పరిస్థితిలో 16 జీబీ దాటి అవసరం లేని ర్యామ్‌కు డబ్బు పోయడం నాకు ఎంతమాత్రం ఇష్టం లేదు. పాత లాప్‌టాప్‌లోంచి తీసిన స్టిక్ దొరికితే నిస్సంకోచంగా తీసుకోండి, ర్యామ్ వాడకంతో అరిగిపోయే వస్తువు కాదు. కాకపోతే మెమ్‌టెస్ట్86తో ఒక రాత్రంతా పరీక్షించి, ఒక్క తప్పు వచ్చినా తిరిగి ఇచ్చేసేలా ముందే మాట్లాడుకోండి.

మీకు ఖాళీ స్లాట్ ఉందని టాస్క్ మేనేజర్‌లోని ‘స్లాట్స్ యూజ్డ్’ వరుస చెబుతుంది. ‘1 ఆఫ్ 2’ అని ఉండాలి. సన్నని లాప్‌టాప్‌లలో ర్యామ్ బోర్డుకే అతికి ఉంటుంది, ఎల్‌పీడీడీఆర్ అన్న పేరు కనబడితే అది సాధారణంగా మార్చలేనిది. 8 జీబీ అతికి ఉండి ఒక స్లాట్ ఖాళీగా ఉన్న రకాల్లో 8 చేర్చితే సరిసమానం. 16 చేర్చితే మొదటి 16 జీబీ రెండు ఛానెళ్లలో, మిగిలిన 8 ఒక ఛానెల్‌లో నడుస్తాయి, దాని వల్ల నష్టమేమీ లేదు. డీడీఆర్5 యంత్రాల వారు ఒకటి గుర్తుంచుకోవాలి: అందులో ఒక్క స్టిక్‌లోనే 32 బిట్ల ఉపఛానెళ్లు రెండు ఉంటాయి, యంత్రం వివరాలు చూపే సీపీయూ-జెడ్ అనే ప్రోగ్రామ్ దాన్ని చూసి రెండు ఛానెళ్లు అని చూపవచ్చు. నిజంగా రెండు స్టిక్‌లు పని చేస్తున్నప్పుడు అక్కడ నాలుగు కనబడాలి.

బిగించడం కష్టమైన పని కాదు. వెనుక మూత విప్పితే వారంటీ ఏమవుతుందన్నది కంపెనీని బట్టి మారుతుంది కాబట్టి వారంటీలో ఉంటే సర్వీస్ సెంటర్‌కు ముందే ఫోన్ చేసి అడగండి. లాప్‌టాప్‌ను పూర్తిగా ఆపి, ఛార్జర్ తీసి, మూత విప్పగానే మొదట బ్యాటరీ కనెక్టర్‌ను ఊడదీయండి; ఈ ఒక్క పని మరచిపోయి బోర్డు కాల్చుకున్నవారిని చూశాను, దయచేసి తొందరపడకండి. చేతిలోని స్థిర విద్యుత్తు పోవడానికి ఏదైనా ఇనుప వస్తువును తాకి, స్టిక్‌ను అంచులతోనే పట్టుకొని, గాడి చూసుకుని ఏటవాలుగా లోపలికి పూర్తిగా నెట్టి, ఆపైన కిందికి వంచితే రెండు పక్కల క్లిప్పులూ టక్కున పడతాయి. బంగారు రంగు పట్టీ బయటికి కనబడుతుంటే అది సగమే దిగినట్టు. మొదటిసారి ఆన్ చేసినప్పుడు తెర ఒకటి రెండు నిమిషాలు నల్లగా ఉండవచ్చు, యంత్రం కొత్త మెమరీని సరిచూసుకుంటుంది. ఆ సమయంలో పవర్ మీట నొక్కకండి.

తరువాత టాస్క్ మేనేజర్‌లో ‘2 ఆఫ్ 2’, వేగం 3200 అని కనబడుతున్నాయో చూసి, జీటీఏలో ఇప్పుడు ఆగుతున్న అదే వీధిలో, అదే సెట్టింగ్‌లతో, అదే కారు నడిపి 1 పర్సెంట్ లో అంకెను ముందు రాసి పెట్టుకున్న దానితో పోల్చండి. ఆ పాత అంకెను ఈ వారమే రాసి పెట్టుకోండి, స్టిక్ పెట్టాక దాన్ని తిరిగి పట్టుకోవడం కుదరదు. సైబర్‌పంక్‌లో టెక్స్చర్లను మీడియంకు దించి, ఎఫ్‌ఎస్‌ఆర్ (బొమ్మను చిన్నగా గీసి పెద్దది చేసి చూపే సెట్టింగ్) వేసి చూడండి. అప్పటికీ కుదుపు మిగిలితే, ఆ క్షణాన ‘డెడికేటెడ్ జీపీయూ మెమరీ’ ఎంత చూపుతోందో, ప్రాసెసర్ ఎన్ని డిగ్రీల దగ్గర ఉందో రాయండి, అక్కడి నుంచి మళ్లీ చూద్దాం.